250 గజాల దూరాన్ని 32 పేజీల్లో గీయడం: ఒక యుద్ధ సైన్స్ ఫిక్షన్ కథకు కామిక్ రూపం (కేస్ స్టడీ)

యుద్ధ సైన్స్ ఫిక్షన్ కథ చేతికి రాగానే చిత్రకారుడు ముందు గీసేది ఆయుధం. కవచం, చక్రాలు, గొట్టాలు, రివెట్లు. డిజైన్ షీట్ చూడముచ్చటగా తయారవుతుంది, కథ మాత్రం మొదటి పేజీ దాటదు. ఈ తరహా కథలను నడిపేది సాధారణంగా కంటికి కనిపించని ఏదో ఒక కొలత. వచనంలో రచయిత దాన్ని ఒక అంకెతో చెప్పేసి ముందుకు పోతాడు. బొమ్మలో ఆ సౌకర్యం లేదు. కాబట్టి ఆ కొలత ఏదో ముందు తేల్చుకోవాలి, దాన్ని చూపించే పద్ధతి ఒకటి కనిపెట్టాలి, ఆ తర్వాతే పెన్సిల్ పట్టాలి.

జో హాల్డెమన్ నవల 'ది ఫరెవర్ వార్'లో ఆ కొలత కాలం. సైనికుడికి కొన్ని నెలలు గడిచేసరికి భూమ్మీద తరాలు మారిపోతాయి. బెల్జియం చిత్రకారుడు మార్వానో 1988-89లో దాన్ని మూడు సంపుటాల కామిక్‌గా తెచ్చాడు. అలాంటి కథలో తేదీ వేసిన క్యాప్షన్ పెట్టె కూడా ఒక పాత్రే. హిరోషి సకురజకా 2004 నవల 'ఆల్ యూ నీడ్ ఈజ్ కిల్'లో ఆ కొలత ఒక లెక్క: ఒకే రోజు ఎన్నిసార్లు తిరిగొచ్చింది? నాయకుడు ఆ అంకెను చేతి వెనక రాసుకుంటాడు. తకేషి ఒబాటా బొమ్మలతో 2014లో వచ్చిన మాంగాకు (జపాను కామిక్‌కు) రచయిత అంత మేలు ముందే చేసిపెట్టాడు. 'ఎండర్స్ గేమ్' నవలలో కొలత దిక్కు: బరువు లేని హాలులో కింద అంటే ఎటు?

ఈ కేసుకు తీసుకున్న కథలో ఆ కొలత దూరం.

కథ, హక్కులు

హెచ్.జి. వెల్స్ రాసిన 'ది లాండ్ ఐరన్‌క్లాడ్స్' 1903 డిసెంబరు 'స్ట్రాండ్ మ్యాగజైన్'లో వచ్చింది. పదివేల మాటలకు లోపు కథ. రెండు సేనలు కందకాల్లో ఎదురెదురుగా కూర్చుని కదలక మెదలక ఉంటాయి. ఒక పక్క పల్లె జీవితంలో రాటుదేలిన, గుర్రం మీద తుపాకీ పేల్చగల మొనగాళ్లు. మరో పక్క పట్నం నుంచి వచ్చిన గుమాస్తాలు, మెకానిక్కులు. మొదటి పక్షం కందకంలో ఒక యుద్ధ విలేఖరి, ఒక యువ లెఫ్టినెంటు పడుకుని అవతలి గట్టును బైనాక్యులర్‌తో చూస్తుండగా కథ మొదలవుతుంది. తెల్లవారుజామున పట్నం వాళ్ల ఇనుప యంత్రాలు నేల మీద నడుచుకుంటూ వస్తాయి. ఉదయం గడిచేసరికి మొనగాళ్ల సేన లేదు, విలేఖరి ఖైదీ.

1946లో వెల్స్ మరణించాడు. రచయిత పోయాక 70 ఏళ్ల కాపీరైట్ నడిచే దేశాల్లో 2017 జనవరి 1 నుంచి ఆయన రచనలు అందరివీ అయ్యాయి. అమెరికాలో ఈ కథ అంతకు చాలా ముందే అందరిదీ అయింది. పత్రికలో బొమ్మలు వేసిన క్లాడ్ షెపర్సన్ 1921లో పోయాడు కనుక అవీ చూసుకోవచ్చు. హక్కులున్న కథ అయితే కామిక్ హక్కు ఎవరి దగ్గరుందో ముందే కాగితం మీద తేల్చుకోవాలి. సినిమా ఒప్పందంలో అది కూడా కలిసిపోయి ఉంటే రచయిత మనస్ఫూర్తిగా సరేనన్నా చెల్లదు.

ముందు కూడికలు, తర్వాత బొమ్మలు

యంత్రం పొడవు 80 నుంచి 100 అడుగులు, మొదటిసారి స్పష్టంగా కనిపించినప్పుడు దూరం సుమారు 250 గజాలు, నిలువు గోడ ఎత్తు 10 అడుగుల వరకు. ఈ మూడూ వెల్స్ ఇచ్చిన అంకెలే. 250 గజాలంటే 750 అడుగులు. ఆ దూరంలో 100 అడుగుల వస్తువు కంటికి ఏడున్నర డిగ్రీలు ఆక్రమిస్తుంది. చెయ్యి చాపి పిడికిలి పడితే అది సుమారు పది డిగ్రీలు, అంటే ఆ మహాయంత్రం మొత్తం ఒక పిడికిలి చాటున దాక్కుంటుంది.

ఇక పేజీ మీదికి వద్దాం. కత్తిరించిన పేజీ 6.625 × 10.25 అంగుళాలు, అంచులు పోగా గీసుకునే వెడల్పు 6 అంగుళాలు. ఆ వెడల్పంతా పరచుకున్న ప్యానెల్లో (అంటే ఒక బొమ్మ గడిలో) 60 డిగ్రీల దృశ్యం పెడితే, యంత్రం పొడవు 17-18 మిల్లీమీటర్లు వస్తుంది. గోడ ఎత్తు రెండు మిల్లీమీటర్లు కూడా రాదు. పక్కన నిలబడ్డ మనిషి ఒక మిల్లీమీటరు. అచ్చుకు ఒకటిన్నర రెట్లు పెద్దగా గీస్తాం కాబట్టి బోర్డు మీద యంత్రం 26 మిల్లీమీటర్లు, మనిషి ఒకటిన్నర.

ఈ అంకెలు చూడగానే చిత్రకారుడికి నీరసం వస్తుంది. తొలి దర్శనానికి రెండు పేజీల స్ప్రెడ్ ఇచ్చి, చక్రాలు పాఠకుడి మీదికి దూకేలా గీయాలని ఉంటుంది. అలా చేసిన థంబ్‌నెయిల్స్ (చిన్న ముసాయిదా బొమ్మలు) బాగానే ఉంటాయి, తర్వాతి ఐదు పేజీలు కుప్పకూలుతాయి. తొమ్మిదో పేజీలోనే యంత్రం ముఖం మీదికి వచ్చేస్తే పదమూడో పేజీలో అది కందకం దాటేటప్పుడు ఇంకెంత పెద్దగా గీస్తారు? పెంచడానికి చోటుండదు. పైగా కథ అసలు ప్రశ్న, అంత దూరం నుంచి ఎవరు ఎవర్ని కొట్టగలరు అన్నది, మాయమైపోతుంది.

కాబట్టి తొలి దర్శనం ఒక సన్నటి అడ్డ ప్యానెల్. బూడిదరంగు నేల, పైన పలచని వెలుగు, మధ్యలో తిరగేసిన పళ్లెం లాంటి మచ్చ. దాని కిందే బైనాక్యులర్ దృశ్యం. ఆరు రెట్లు పెంచే బైనాక్యులర్ అనుకుంటే ఆ 17.6 మిల్లీమీటర్ల యంత్రం పదిన్నర సెంటీమీటర్లవుతుంది. వృత్తం వ్యాసం 9 సెంటీమీటర్లు. అంటే యంత్రం వృత్తంలో పట్టదు. ఒక కొస అవతలికి పోతుంది. అంకె అంకెగా ఉండగానే బొమ్మలో భయం దానంతటదే వచ్చింది, అతిశయం అక్కర్లేకపోయింది.

(బైనాక్యులర్ దృశ్యాన్ని పడుకోబెట్టిన ఎనిమిది అంకెలా గీసే అలవాటు సినిమాల నుంచి వచ్చింది. సరిగ్గా అమర్చుకున్న బైనాక్యులర్‌లో కనిపించేది ఒకటే వృత్తం. ఈ పుస్తకంలో వృత్తానికి వేరే పని కూడా ఉంది కనుక ఆ పొరపాటు ఇక్కడ ఖరీదైనది.)

ఇక కాలం. యంత్రం వేగం గంటకు 6 మైళ్లుగా పెట్టుకుంటే 250 గజాలు దాటడానికి 85 సెకన్లు. అంటే తొలి దర్శనానికీ కందకం దాటడానికీ మధ్య పాత్రలు మాట్లాడుకోగలిగేది నిమిషంన్నర. మూలంలోని వర్ణనంతా క్యాప్షన్లలో పోస్తే చదవడానికే అంతకు మూడింతలు పడుతుంది, యంత్రం నిలబడిపోయినట్టు అనిపిస్తుంది. 10 నుంచి 13 వరకు నాలుగు పేజీల్లో మాటలన్నీ కలిపి నూటయాభై దాటకూడదని గీత గీసుకున్నది ఇందుకే.

పేజీల కేటాయింపు

32 పేజీలు, నడుమ పిన్ను కొట్టే పుస్తకం. పిన్ను బైండింగులో పేజీలు నాలుగు చొప్పునే పెరుగుతాయి, తగ్గుతాయి. ముందు రెండు పేజీలు శీర్షికకు, వివరాలకు. వెనక రెండు యంత్రం పటానికి, ముద్రణ సమాచారానికి. కథకు మిగిలినవి 28. అంటే కథ ఒకటో పేజీ పుస్తకంలో మూడో పేజీ. సరి సంఖ్య పేజీలు ఎడమ పక్కన, కాగితం తిప్పగానే కనబడేవి అవి. ఆశ్చర్యం ఏదైనా సరి పేజీలోనే పెట్టాలి.

1-5: ప్రతిష్టంభన, సంభాషణ, సాయంత్రం. 6-7: రాత్రి, సెర్చిలైట్లు. 8: తొలి దర్శనం. 9-13: రాక, కందకం. 14-19: యంత్రం లోపల. 20-24: ఫిరంగులు పోవడం, సేన చెదరడం. 25-28: పట్టుబడటం, ముగింపు.

14-15 పేజీలను యంత్రం లోపలి కోత బొమ్మకు కేటాయించడానికి బైండింగు కారణం. కథ 14-15 అంటే పుస్తకంలో 16-17, అంటే సరిగ్గా నడుమ కాగితం. మిగతా స్ప్రెడ్లలో రెండు పేజీలూ వేర్వేరు కాగితాల మీద అచ్చవుతాయి; మడత దగ్గర ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిగితే అడ్డంగా పోయే గీత విరుగుతుంది. నడుమ కాగితం ఒకటే ముక్క. నూరడుగుల ఇనుప చట్రాన్ని అటు నుంచి ఇటు తిన్నగా గీయగలిగిన చోటు పుస్తకం మొత్తంలో అదొక్కటే. స్క్రిప్టు మొదటి ముసాయిదాలో లోపలి దృశ్యం 17వ పేజీలో పడుతుంది. మూడు పేజీలు ముందుకు జరపడానికి మొదటి భాగంలో విలేఖరి, కథలోని చిత్రకారుడు చేసే సంభాషణ ఒకటి ఎత్తేయాల్సి వచ్చింది. ఆ సంభాషణ బాగుంటుంది. అయినా పోవాలి.

యంత్రం: ట్యాంకును గీయొద్దు

ఇక్కడ తప్పు చేయనివాళ్లు అరుదు. ట్యాంకులు మొదటిసారి యుద్ధంలో దిగింది 1916 సెప్టెంబరు 15న, ఫ్రాన్సులోని ఫ్లెర్-కూర్సెలెట్ దగ్గర. ఆ బ్రిటిష్ మార్క్ 1 ఫొటోలు మన కంట్లో ఎంత పాతుకుపోయాయంటే, 1903 కథకు కూడా చెయ్యి దానంతటదే ఆ వాలు చతుర్భుజాన్ని, చుట్టూ తిరిగే గొలుసు పట్టాను గీసేస్తుంది. వెల్స్ యంత్రానికి పట్టాలు లేవు. ఇంజనీరు బ్రామా డిప్లాక్ రూపొందించిన పెడ్‌రైల్ చక్రాలున్నాయి: ఎనిమిది జతలు, ఒక్కోటి పదడుగుల వ్యాసం, చుట్టూ ఏనుగు పాదాల్లాంటి పొట్టి అడుగులు. ఆ పాదాలు ఒకటి తర్వాత ఒకటి నేల మీద ఆనుతాయి. అంటే అది పాకదు, నడుస్తుంది. మార్క్ 1 ఒడలు 26 అడుగులు, ఇది దానికి దాదాపు నాలుగింతలు.

పైన తాబేలు డిప్ప లాంటి మూత. చుట్టూ పన్నెండు అంగుళాల ఇనుప పలకలు, ఎత్తుకోవడానికీ దించుకోవడానికీ వీలున్న లంగాలా. మూత చూరు కింద రంధ్రాలు, తుపాకీ గొట్టాలు, దూరదర్శిని గొట్టాలు. వాటిలో కొన్ని నిజమైనవి, కొన్ని ఉత్తుత్తివి. బయటి నుంచి తేడా తెలియదు. కామిక్‌కు ఇంతకన్నా మంచి కానుక ఉండదు. ఏ గొట్టం నుంచి గుండు వస్తుందో పాఠకుడికి తెలియకూడదు కాబట్టి గొట్టాల దగ్గర మెరుపులు గీయడం నిషిద్ధం. పొగ కూడా వద్దు; పొగలేని మందు 1880ల నుంచే ఉంది. గుండు ఎక్కడ తగిలిందో అక్కడ లేచే దుమ్ము, పడిపోయే మనిషి, అంతే.

ఎనిమిది జతల చక్రాలున్న వస్తువును చేత్తో ప్రతి కోణం నుంచీ గీస్తే నాలుగో పేజీకల్లా చక్రాలు ఏడవుతాయి. ఒక ముతక త్రీడీ మోడల్ చేసుకోవాలి: పొడవు 100 అడుగులు, ఎనిమిది ఇరుసులు, ప్రతి చక్రానికి పది పాదాలు, పక్కన ఆరడుగుల మనిషి బొమ్మ తప్పనిసరిగా. వెడల్పు మూలంలో లేదు. 20 అడుగులుగా పెట్టుకున్నాం, కందకాల మధ్య తిరగడానికి అది పొసుగుతుంది. పాదాల సంఖ్యా మన నిర్ణయమే. మోడల్‌ను పర్‌స్పెక్టివ్‌కు మాత్రమే వాడి గీత చేత్తో వేయాలి. రెండర్‌ను (మోడల్ నుంచి కంప్యూటర్ తీసే బొమ్మను) నేరుగా అంటిస్తే దాని పక్కన చేతి గీత మనుషులు కాగితం ముక్కల్లా తేలిపోతారు.

మరో పొరపాటు మోడల్ వల్లే వస్తుంది. దూరంగా బారులు తీరిన యంత్రాలు కావాల్సి వచ్చినప్పుడు ఒకే రెండర్‌ను కాపీ చేస్తారు. అన్నీ ఒకే కోణంలో, పాదాలన్నీ ఒకే స్థితిలో. కంటికి వెంటనే దొరికిపోతుంది. ఒక్కో యంత్రాన్ని కొన్ని డిగ్రీలు తిప్పి, చక్రాలను తలా ఒక స్థితిలో ఆపి, ఒక దాన్ని వాలు మీద వంచి పెడితే చాలు. ఇరుసులు విడివిడిగా వంగుతాయని వెల్స్ చెప్పాడు కనుక ఆ వంపు కల్పన కాదు.

రెండు వృత్తాలు

ఈ పుస్తకం బొమ్మల పరంగా నిలబడేది ఇక్కడే, కాబట్టి కాస్త ఆగుదాం.

యంత్రం లోపల తుపాకీవాడు తుపాకీ పట్టుకోడు. తలా ఒక చీకటి గదిలో బల్ల ముందు నిలబడతాడు. కెమెరా అబ్‌స్క్యూరా పద్ధతిలో బయటి దృశ్యం చిన్న వెలుగు బొమ్మగా ఆ బల్ల మీద పడుతుంది. దాని మీద రెండు అడ్డగీతలు. ఆ రెండూ కలిసిన చోట ఏది ఉంటే దానికి గుండు తగులుతుంది. చేతిలో జామెట్రీ బాక్సులోని డివైడర్ లాంటి పరికరం. బల్ల మీద కనిపించే మనిషి ఎత్తుకు ఆ కాళ్లను సరిపెడతాడు. మనిషి చిన్నగా కనిపిస్తే దూరంగా ఉన్నట్టు, పెద్దగా ఉంటే దగ్గరున్నట్టు. డివైడర్ నుంచి ఒక మెలితిరిగిన తీగ పైకి పోయి తుపాకీ గురిని ఎత్తుతుంది, దించుతుంది. ఇక కాలింగ్ బెల్ స్విచ్ అంత బొత్తాం నొక్కడమే మిగిలింది.

విలేఖరి చేతిలో ఒక వృత్తం, తుపాకీవాడి బల్ల మీద ఒక వృత్తం. మొదటిదానిలో చూడటం మాత్రమే కుదురుతుంది, రెండోదానిలో చూడటమూ చంపడమూ ఒకటే పని. కథలోని అసమానత అంతా ఈ రెండు అద్దాల మధ్య తేడాయే. అందుకని మూడు నిబంధనలు: పుస్తకంలో వృత్తాకారపు ప్యానెళ్లు ఈ రెండు దృశ్యాలకే, రెండూ ఒకే వ్యాసం, 9 సెంటీమీటర్లు, పేజీలో రెండూ ఒకే చోట. 8వ పేజీలో బైనాక్యులర్ వృత్తం ఎక్కడుందో 16వ పేజీలో బల్ల మీది వృత్తం అక్కడే ఉంటుంది. పాఠకుడు గుర్తుపట్టినా పట్టకపోయినా అతని కన్ను గుర్తుపడుతుంది.

గురి పెట్టే క్రమానికి 16వ పేజీ మొత్తం ఇచ్చాం. వృత్తం, దానిలో పరుగెత్తే 6 మిల్లీమీటర్ల మనుషులు. డివైడర్ కాళ్లు ఒక మనిషి తలకూ పాదానికీ ఆనడం. తీగ. బయట గొట్టం వెంట్రుకవాసి లేవడం. అడ్డగీతలు అతని మీదికి జరగడం. బొటనవేలు. మళ్లీ అదే వృత్తం, ఒక మనిషి తక్కువ. ఏడు ప్యానెళ్లు, ఒక్క మాట లేదు. వెల్స్ ఇక్కడ గాలిలో తేమను బట్టి గురిని సవరించే పరికరం గురించి, దానిలో వాడిన జంతుపేగు తాడు గురించి కూడా చెప్పాడు. ముచ్చటైన వివరమే. కానీ దాన్ని చూపాలంటే క్యాప్షన్ కావాలి, క్యాప్షన్ వచ్చిందంటే ఆ పేజీలోని నిశ్శబ్దం చచ్చిపోతుంది. వెనకనున్న యంత్రం పటంలో ఒక బాణం గుర్తుతో దానికి చోటిచ్చాం.

డివైడర్ పనిచేసే ఈ నియమం నుంచి మూలంలో లేని ఒక చిన్న సంఘటన పుట్టింది. డివైడర్ మనిషి నిటారుగా ఉన్నాడనుకునే లెక్క వేస్తుంది. కూర్చున్న మనిషి సగం ఎత్తే కనిపిస్తాడు, కాబట్టి పరికరం అతన్ని రెట్టింపు దూరంలో ఉన్నట్టు భావించి గురి పైకెత్తుతుంది, గుండు తల మీదుగా పోతుంది. 18వ పేజీలో ఒక సైనికుడు అలా మోకాళ్ల మీద ఒరిగినందుకే బతుకుతాడు. ఎందుకు బతికాడో అతనికి తెలియదు, పాఠకుడికి తెలుసు. మూలానికి కొత్త సంఘటనలు చేర్చొద్దనే నియమం మంచిదే. కథ తన యంత్రానికి తానే పెట్టిన షరతుల్లోంచి వచ్చినదాన్ని మాత్రం కల్పన అనలేం.

శబ్దం ఆలస్యంగా వస్తుంది

250 గజాలంటే 229 మీటర్లు. శబ్దానికి ఆ దూరం సెకనులో మూడింట రెండు వంతులు. ఆ కాలపు రైఫిల్ గుండుకు అర సెకను కూడా అక్కర్లేదు. కాబట్టి కందకంలో ఉన్నవాడికి ముందు పక్కవాడు పడటం, తర్వాత తుపాకీ పేలిన చప్పుడు. 'టప్' అనే అక్షరాలు మనిషి పడిన ప్యానెల్లో కాకుండా దాని తర్వాతి ప్యానెల్లో పడాలి. దూరం తగ్గే కొద్దీ ఆ ఎడం కూడా తగ్గించుకుంటూ వచ్చి, 13వ పేజీలో యంత్రం కందకం మీదికి వచ్చేసరికి రెండూ ఒకే ప్యానెల్లో కలవాలి. దూరాన్ని ఒక్క మాట చెప్పకుండా చూపడానికి ఇది రెండో సాధనం.

శబ్దాల విషయంలో తెలుగు అదృష్టవంతమైన భాష. ధన్, ధడేల్, టపటప, గిర్రున, కిర్రుమని, దబ్బుమని: దేని బరువు దానికుంది. పెడ్‌రైల్ పాదాలకు 'దబ్... దబ్... దబ్' అని, ఆవిరికి 'బుస్' అని తీసుకుని పుస్తకమంతా మార్చలేదు. యంత్రం లోపలి ఆరు పేజీల్లో ఒకే ఒక్క శబ్దం, బొత్తాం నొక్కినప్పుడు 'టిక్'. బయట ఎంత రభసో లోపల అంత ఆఫీసు.

మాటల బెలూన్ల దగ్గర మాత్రం తెలుగు ఏడిపిస్తుంది. మాటలు పొడవు, మధ్యలో విరిచి గీత పెట్టే అలవాటు లేదు, ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. ఇంగ్లిష్‌కు సరిపోయే గుండ్రటి బెలూన్‌లో పోస్తే పక్కన ఖాళీ, పైనా కిందా ఇరుకు. అడ్డంగా సాగిన కోలబెలూన్లు వేయాలి. అక్షరం 9.5 పాయింట్లు, వరుసల ఎడం 13.5 పాయింట్లు. అంతకు తగ్గితే 'స్త్ర' కింది ఒత్తులు కింది వరుస తలకట్టుల్లో చిక్కుకుంటాయి. బెలూన్‌కు 14 మాటలు, పేజీకి 90 మించకూడదు. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. చివరి ఫైలు పంపే ముందు అక్షరాలను అవుట్‌లైన్లుగా మార్చి, మార్చాక మరోసారి మొత్తం చదవాలి. ఎక్కువ తప్పులు దొరికేది ఆ చదువులోనే.

దిక్కు, రంగు, చీకటి

యంత్రాలు ఎప్పుడూ కుడి నుంచి ఎడమకే కదులుతాయి. తెలుగు చదివే కన్ను ఎడమ నుంచి కుడికి పోతుంది కనుక అవి పాఠకుడికి ఎదురొస్తున్నట్టుంటాయి. రక్షకుల ముఖాలు కుడివైపుకు. యంత్రం లోపలికి వెళ్లాక కూడా తుపాకీవాళ్లు ఎడమ పక్కకే చూడాలి. థంబ్‌నెయిల్ దశలో ఎక్కువ తప్పులు ఇక్కడే దొరికాయి: కోత బొమ్మ అందంగా వస్తుందని యంత్రాన్ని కుడివైపు తిప్పి గీస్తే, తర్వాతి పేజీలో వాళ్లు తమ వాళ్లనే కాలుస్తున్నట్టు కనిపించింది. ఒకసారి ఈ దిక్కు మార్చక తప్పకపోతే మధ్యలో యంత్రాన్ని సరిగ్గా ఎదురు నుంచి చూపించే ప్యానెల్ ఒకటి పెట్టి మార్చాలి.

వెల్స్ దేశాలకు పేర్లు పెట్టలేదు, ముఖ్యపాత్రలకూ పెట్టలేదు. జెండా గీయాలనే కోరిక పుడుతుంది, గీస్తే కథ ఫలానా యుద్ధం గురించిన కథయిపోతుంది. రెండు పక్షాలనూ రంగుతోనే వేరు చేయాలి. రక్షకులకు మట్టి, పసుపు, తోలు గోధుమ. యంత్రం లోపలి కుర్రాళ్లకు నీలి పైజామాలు. అది మూలంలోనే ఉంది. లోపలి వెలుగు చల్లటి తెలుపు. ఎరుపును పుస్తకం మొత్తంలో వాడలేదు. వృత్తంలో 6 మిల్లీమీటర్ల మనిషి పడిపోతే నెత్తురు కనిపించదు, కనిపించకపోవడమే అక్కడ విషయం.

6-7 రాత్రి పేజీలు అచ్చులో బురదగా మారే ప్రమాదం ఉంది. తెర మీద నాలుగు రకాల నలుపు కనిపిస్తుంది, కాగితం మీద రెండే మిగులుతాయి. నాలుగు సిరాల మొత్తం ముద్రణాలయం చెప్పిన పరిమితి దాటకూడదు. నునుపు కాగితానికి సాధారణంగా 300 శాతం చుట్టూ ఉంటుంది. గీతలు నల్ల సిరా ఒక్కదానితోనే, కింది రంగు మీద ఓవర్‌ప్రింట్‌గా పోవాలి. నాలుగు సిరాలతో పోతే రిజిస్ట్రేషన్ (సిరాలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడటం) వెంట్రుకంత జరిగినా ఒక మిల్లీమీటరు మనిషికి మూడు నీడలొస్తాయి. గీత ఫైలు 1200 డీపీఐ బిట్‌మ్యాప్, రంగు 350. సెర్చిలైట్ పుంజాన్ని తెల్లటి గ్రేడియంట్‌తో కాకుండా ఖాళీ కాగితంగా వదిలేసి, చుట్టూ ముదురు నీలం నింపాలి. వెలుగు పడ్డ చోట గడ్డిపోచలు, ముళ్లతీగ, ఒక టోపీ అంచు. మిగతాదంతా చదును చీకటి.

మాటలు చెరిపి పరీక్ష

పెన్సిల్ దశ ముగిశాక అక్షరాలేవీ లేని 28 పేజీలను కథ తెలియని ముగ్గురికి విడివిడిగా ఇవ్వాలి. బాగుందా అని అడగొద్దు. మొహమాటానికి బాగుందనే అంటారు. అడగాల్సినవి మూడే. పదో పేజీలో యంత్రం ఎంత దూరంలో ఉంది? పదమూడులో? పదహారులో పడిపోయిన మనిషిని ఎవరు, ఎక్కడి నుంచి కొట్టారు? మొదటిదానికి 'పొలం అవతలి గట్టున', రెండోదానికి 'నెత్తిమీద' అని వస్తే దూరం పనిచేసినట్టే. మూడోదానికి సరైన జవాబు రాకపోతే సాధారణంగా లోపం 16లో ఉండదు, 14-15 కోత బొమ్మలో ఉంటుంది: తుపాకీ గదులు యంత్రం అంచున వేలాడుతున్నాయని అక్కడ స్పష్టంగా చూపకపోతే పాఠకుడు తుపాకీవాణ్ని ఎక్కడో కందకంలో ఊహించుకుంటాడు. దానికి మందు క్యాప్షన్ కాదు. కోత బొమ్మలో ఒక గదికి మాత్రమే రంగు వేసి, తర్వాతి పేజీ మొదటి ప్యానెల్‌ను అదే రంగుతో మొదలుపెడితే సరిపోతుంది.

20-24 పేజీల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఫిరంగులు, గుర్రాలు, పరుగులు. అనుభవమున్న చిత్రకారుడికి అలవాటైన పనే. ఒక్క జాగ్రత్త: గుర్రాలను దగ్గర నుంచి వీరోచితంగా గీసే అవకాశం అక్కడొకటి వస్తుంది. గుర్రపుదళాన్ని మళ్లీ దూరం నుంచే, మిల్లీమీటర్ల కొలతలోనే చూపాలి.

28వ పేజీలో విలేఖరి ఖైదీగా నిలబడి, తమ యంత్రం పక్కన కాఫీ తాగుతూ బిస్కెట్లు తింటున్న నీలి పైజామాల కుర్రాళ్లను చూస్తాడు. మనిషికీ యంత్రానికీ పోరు అని తలలో అప్పటికే శీర్షిక కట్టుకున్నవాడికి, ఎదురుగా మనుషులే కనబడతారు. వెల్స్ దీన్ని విలేఖరి ఆలోచనగా రాశాడు. కామిక్‌లో ఆ ఆలోచనకు క్యాప్షన్ ఇవ్వలేదు. అప్పటిదాకా ఏ ప్యానెల్లోనూ రెండు పక్షాల మనుషులు ఒకే నేల మీద, ఒకే కొలతలో కలిసి కనిపించలేదు. మధ్యలో ఎప్పుడూ ఏదో ఒక అద్దం ఉంది. ఇక్కడ వాళ్ల మధ్య రెండు గజాలు. అందరూ ఏడు సెంటీమీటర్ల ఎత్తు, ముఖాలు పూర్తిగా కనిపిస్తున్నాయి. యంత్రాన్ని వెనక అసలు నిష్పత్తిలోనే పెట్టాం కాబట్టి అది ప్యానెల్లో పట్టదు; ఒక చక్రం కింది వంపు, మట్టి అంటిన పాదం ఒకటి మాత్రం మూలన ఉంటాయి.